కరివేపాకు పేరులో కోనిగ్

పెరళ్లలో పెరిగే కల్యామాకు (కరివేపాకు) శాస్త్రీయ నామంలో ఓ జర్మన్ వైద్యుడున్నాడు: యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టిక్ ప్రాంతంలో పుట్టాడు. ముందు మందుల తయారీ నేర్చి, ఆపై స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. పోటీ పరీక్షల్లో అడగదగ్గది ఈ గురుశిష్య సంబంధమే.

తమిళనాడు తీరంలోని నాటి డేనిష్ స్థావరం తరంగంబాడికి మిషన్ వైద్యుడిగా వచ్చి, 1774లో ఆర్కాట్ నవాబు కొలువులో, 1778లో ఈస్టిండియా కంపెనీలో చేరాడు. సయాం (నేటి థాయ్‌లాండ్) దాకా వెళ్లి మొక్కలు సేకరించాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో విరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది విలియం రాక్స్‌బరో. సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలపై గ్రంథం వెలువరించిందీ ఆయనే. కోనిగ్ రాతప్రతులు మాత్రం లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

ఒక మెలిక: 1771లో లిన్నేయస్ కరివేపాకుకు ‘బెర్గెరా కోనిగీ’ అని పేరు పెట్టాడు. తర్వాత స్ప్రెంగెల్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని ‘ముర్రయా కోనిగీ’గా మార్చాడు. పాత గైడ్లలో ఉండేది ఇదే. లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం ఇప్పుడు మొదటి పేరునే అంగీకరిస్తోంది. రెండూ ఆప్షన్లలో కనిపిస్తే ప్రశ్నలో ‘ప్రస్తుతం’ అని ఉందేమో చూడండి.