నెలకి నాలుగొందల సర్వర్: కొనే ముందు కొలుద్దాం

మన క్లబ్ పాత సంచికలన్నీ ఒక్క చోట చదువుకునేలా, వెతుక్కునేలా పెట్టాలన్న మాట ఈ సెమ్‌లో మళ్ళీ వచ్చింది. సీనియర్లు రాసిన కథలు ఇప్పుడు కొన్ని ఎవరిదో డ్రైవ్‌లో, కొన్ని ఏదో వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నాయి. ఫ్రీగా ఎక్కడో పెట్టేస్తే పోలా అంటారేమో. యాహూ వాళ్ళు 2009 అక్టోబర్‌లో జియోసిటీస్ మూసేసినప్పుడు లెక్కలేనన్ని సొంత పేజీలు పోయాయి. మనకి దగ్గరి ఉదాహరణ హెరోకు. 2022 నవంబర్ 28న ఫ్రీ ప్లాన్ తీసేస్తే ఎంతోమంది స్టూడెంట్ల ప్రాజెక్టులు ఆగిపోయాయి. అందుకే తక్కువ డబ్బుకి దొరికే వీపీఎస్‌ని ఎలా పరీక్షించి తీసుకోవాలో చూద్దాం.

పీడీఎఫ్‌లు పెట్టడం వరకే అయితే సర్వర్ అక్కర్లేదు, గిట్‌హబ్ పేజెస్ చాలు. చిక్కంతా వెతకడంలోనే ఉంది. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు కొందరు మధ్యలో కనపడని ఒక గుర్తు పెడతారు (పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్), కొందరు పెట్టరు. పెట్టకపోతే ట కింద వ వత్తు వచ్చి చేరుతుంది. మనం రెండూ ఒకలాగే చదివేస్తాం, కంప్యూటర్‌కి మాత్రం అవి వేరు వేరు మాటలు. ఆ గుర్తు తీసేసి పోల్చే ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట నడవాలి. బ్రౌజర్‌లో కూడా నడపొచ్చు, కానీ అప్పుడు అన్ని సంచికల ఇండెక్స్ చదివేవాళ్ళ ఫోన్‌లోకి దిగాలి.

దీనికి ఎంత పెద్ద సర్వర్ కావాలి? యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. 2000 కోడ్ పాయింట్లున్న పేజీ 6 కేబీ, అలాంటివి వెయ్యి పేజీలైనా 6 ఎంబీ. బొమ్మలు కలిపినా డిస్క్‌కి భయం లేదు. ఎన్‌జిన్‌ఎక్స్, చిన్న పైథాన్ ప్రోగ్రామ్, ఎస్‌క్యూలైట్... వీటికి 1 జీబీ ర్యామ్ చాలు. "4 జీబీ అయితే సేఫ్ కదా అన్నా" అనే జూనియర్లకి నా జవాబు: ఆ డబ్బు బ్యాకప్‌కి పెట్టండి.

ఇక అసలు విషయం. వీపీఎస్ అంటే డేటా సెంటర్‌లో ఉన్న ఒక పెద్ద మెషీన్‌లో మనకిచ్చే వాటా. ఆ వాటాలు వేసే సాఫ్ట్‌వేర్ కేవీఎం అయితే మంచిది. 2007 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, మనకి సొంత కెర్నల్ నడుస్తుంది. ఓపెన్‌వీజెడ్ అయితే కెర్నల్ అందరిదీ ఒకటే, డాకర్ లాంటివి మొండికేయొచ్చు. కొనే ముందే అడగండి.

ప్లాన్‌లో "1 వీసీపీయూ" అని రాస్తారు. లింగంపల్లి పీజీల్లో "గీజర్ కలదు" అని రాసినట్టే అది. గీజర్ ఉంటుంది, నిజమే. పొద్దున ఏడున్నరకి ఫ్లోర్‌లో ఎంతమంది బకెట్లు పట్టుకుని నిలబడతారో బోర్డు మీద రాయరు. చవక ప్లాన్లలో ఒకే సీపీయూ కోర్‌ని చాలామందికి పంచుతారు. అందరూ ఒకేసారి వాడరులే అన్న ధైర్యం మీదే ఆ ధర నిలబడింది. మోసం అని నేను అనను, ఎంతమందికి పంచారన్నదే తేడా.

దాన్ని కొలవడానికి లైనక్స్‌లోనే దారి ఉంది. టాప్ కమాండ్ కొడితే పైన సీపీయూ వరుసలో చివర "ఎస్‌టీ" అని ఒక అంకె కనపడుతుంది. స్టీల్ టైమ్ అంటారు. మన ప్రోగ్రామ్ పనికి రెడీగా ఉన్నా, హైపర్‌వైజర్ సీపీయూని పక్కవాళ్ళకి ఇచ్చేసిన సమయం శాతం అది. ఒకటీ రెండూ ఉంటే పట్టించుకోను. పని నడుస్తున్నప్పుడు రోజూ పది దాటుతుంటే ఆ సర్వర్ వదిలేస్తాను. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే సున్నానే చూపిస్తుంది కాబట్టి ఏదో ఒక లెక్క నడిపిస్తూ చూడాలి.

నెట్‌లో "బెస్ట్ చీప్ వీపీఎస్" రివ్యూలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. సర్వర్ తీసుకున్న గంటలోపే ఒక బెంచ్‌మార్క్ కొట్టి, కింద కమిషన్ వచ్చే లింక్ పెడతారు. ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి దగ్గర ఖాళీ సీటు చూసి ఫలక్‌నుమా దాకా బోగీ ఇలాగే ఉంటుందని రాసినట్టు. మన రివ్యూ కనీసం వారం నడవాలి. క్రాన్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి, గంటకోసారి స్టీల్ టైమ్, డిస్క్‌లో చిన్న ఫైల్ రాయడానికి పట్టిన టైమ్ ఒక ఫైల్‌లో నోట్ చేయించండి. పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి అంకెలు పక్కపక్కన పెడితే పక్కవాళ్ళ సంగతి తెలిసిపోతుంది. గంటల లెక్కన బిల్లు వేసే కంపెనీలో ఈ వారం పరీక్షకి అయ్యేది వంద రూపాయల లోపో, కొంచెం అటూ ఇటూనో. ఒక జాగ్రత్త: మామూలుగా సర్వర్ ఆఫ్ చేసినా బిల్లు ఆగదు, డిలీట్ చేయాలి.

దూరం కూడా కొలవాలి. ఫైబర్‌లో వెలుగు సెకండుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. జర్మనీ దాకా దాదాపు 7 వేల కిలోమీటర్లు, అంటే వెళ్ళి రావడానికి ఎంత లేదన్నా 70 మిల్లీసెకండ్లు. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి అసలు పింగ్ అంతకంటే బాగా ఎక్కువే వస్తుంది. మనవైపు చవక ప్లాన్లు డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో, లినోడ్‌కి ముంబైలో, వల్టర్‌కి ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోనే కావాలంటే ఒరాకిల్ 2020లో, అమెజాన్ 2022లో రీజియన్లు తెరిచాయి. అమెజాన్‌లో ఒక మెలిక ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి గంటకి 0.005 డాలర్ వేస్తోంది, నెలకి 3.6 డాలర్లు. చిన్న సర్వర్ ధరకి దగ్గరగా అడ్రస్ ధరే అయిపోతుంది.

4 డాలర్ల ప్లాన్ జీఎస్టీ 18 శాతం కలిపితే నాలుగొందలు పైమాట. కట్టడం మాత్రం అంత తేలిక కాదు. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నియమాల వల్ల కార్డు నుంచి ప్రతి నెలా దానంతట అదే డబ్బు పోవాలంటే ఈ-మ్యాండేట్ ఉండాలి. చాలా విదేశీ కంపెనీలకి అది సరిగ్గా కుదరక ఆటో పే ఫెయిలవుతుంది. పేమెంట్ ఫెయిల్, మెయిల్ ఎవరూ చూడరు, కొన్ని వారాలకి సర్వర్ మాయం. సంవత్సరానికి సరిపడా బ్యాలెన్స్ ముందే వేసుకునే వీలున్న చోటే తీసుకుందాం.

అకౌంట్ ఎవరి పేరు మీద? సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ కంపెనీలు కస్టమర్ పేరు, అడ్రస్ లాంటివి సరిచూసి 5 ఏళ్ళు ఉంచాలి. కాబట్టి ఉత్తుత్తి పేరు కుదరదు. ఫైనల్ ఇయర్ వాళ్ళ పేరు వద్దు, ఓటీపీ వచ్చే ఫోన్ మేలో వాళ్ళతో పాటే వెళ్ళిపోతుంది. ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ పేరు, క్లబ్ మెయిల్ ఐడీ, సెకండ్ ఇయర్ నుంచి ఇద్దరికి యాక్సెస్... నా ఓటు దీనికే.

బ్యాకప్ అదే కంపెనీలో, అదే చోట ఉంటే లెక్కలోకి రాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్ళకి డేటా తిరిగి రాలేదు. మనది కొన్ని ఎంబీల టెక్స్ట్, కొన్ని బొమ్మలు. వారానికోసారి ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోకి దించుకోవచ్చు. నెలకోసారి ఆ కాపీని ల్యాప్‌టాప్‌లోనే పైకి లేపి, ఏదో ఒక పాత సంచిక తెరిచి, "సాఫ్ట్‌వేర్" అని రెండు రకాలుగా టైప్ చేసి వెతకండి. రెండింటికీ అదే కథ రావాలి.