పాత లారీ స్టార్టు కానప్పుడు తప్పు కనుగొను విధము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో టమాటా, క్యారెట్, ఆకుకూరలు, గులాబి, బంతి పండించు రైతులకు పంట కోయుటతోనే పని తీరదు. తెల్లవారులోగా సరుకు నగరము చేరవలెను. చేవెళ్ల నుండి గుడిమల్కాపూరు మార్కెట్టుకు సుమారు 40 కిలోమీటర్ల దూరము కలదు. బండి రెండు గంటలు ఆలస్యమైనచో పూలు వాడిపోవును, ధర జారిపోవును.

అట్టి వేళ పాత లారీ కదలనిచో చాలామంది తాళపుచెవి తిప్పిపట్టి సెల్ఫ్ కొట్టుచునే యుందురు. కొద్ది నిమిషములలో మంచి బ్యాటరీ కూడ దిగిపోవును. అప్పుడు ఒక తప్పు రెండగును. మరికొందరు మిస్త్రీ చెప్పినదే తడవుగా కొత్త బ్యాటరీ కొందురు. తప్పు వేరొకచోట నుండును. కావున ముందు కనుగొని, పిమ్మట విప్పవలెను.

ఇంజను ఎట్లు అంటుకొనును?

1986లో వెలువడిన టాటా 407 వంటి బండ్ల పాత డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలి వందల డిగ్రీల వేడి నందుకొనును. అందులో నాజిల్ చిమ్మిన డీజిలు తనంతట మండును. కావున ఇంజనుకు కావలసినవి మూడు: తగిన వేగముతో తిరుగుట, గాలి కలియని శుభ్రమైన డీజిలు, ధారాళమైన గాలి. ఈ మూడింటిలో లోపించినదేదో తెలిసికొనుటయే పరీక్ష.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ ఇంజనును తిప్పుచున్నదా?

గేరు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించి సెల్ఫ్ కొట్టుడు. ఒక మనిషి లైట్లను గమనించవలెను.

లైట్లు బాగుగా మసకబారి ఇంజను మెల్లగా మూలుగుచు తిరిగినను, టకటకమని శబ్దము మాత్రమే వచ్చినను, బ్యాటరీ దిగియుండవచ్చును, లేదా టెర్మినల్ వదులై యుండవచ్చును. లైట్లు తగ్గక, సెల్ఫ్ ఉలకక పలకక యున్నచో సొలినాయిడుకు వచ్చు సన్నతీగనో, తాళపు స్విచ్చినో, సెల్ఫ్ మోటారునో అనుమానింపవలెను.

బ్యాటరీని కొలుచుట సులభము. రాత్రి విశ్రాంతి తరువాత 12 వోల్టుల బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులున్నచో నిండుగా నున్నట్లు; 12కు తగ్గినచో చాలవరకు దిగినట్లు. సెల్ఫ్ కొట్టుచుండగా 9.6కు దిగువకు పడినచో ముందు పూర్తిగా చార్జి చేయించి మరల కొలువవలెను. అప్పుడును పడినచో బ్యాటరీ శక్తి ఉడిగినదని గ్రహింపవలెను.

కొత్తది కొనుటకు ముందు టెర్మినళ్లు చూడుడు. తెల్లని, పచ్చని పొడి పట్టియున్నచో మొదట ఎర్త్ తీగ, పిదప రెండవ తీగ విప్పి, తినే సోడా కలిపిన వేడినీటితో కడిగి, ఎమరీ కాగితముతో మెరయునట్లు రుద్దవలెను. సోడానీరు బ్యాటరీ లోనికి పోరాదు. బిగించునప్పుడు ఎర్త్ తీగను చివరకు బిగించి, పైన వాజలీను పూయుడు. ఛాసిస్ వద్ద నున్న ఎర్త్ తీగ రెండవ కొనను పలువురు మరతురు. తుప్పు పట్టునది తరచు అచ్చటనే. సెల్ఫ్ కొట్టిన వెంటనే ముట్టి చూచినప్పుడు ఏ బిగింపు వేడిగా నున్నదో అదియే దోషస్థానము.

రెండవ ప్రశ్న: పొగ వచ్చుచున్నదా?

సెల్ఫ్ చురుకుగా తిప్పినను ఇంజను అంటుకొననిచో పొగగొట్టమును చూడుడు.

తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. చలికాలపు ఉదయములందు బలహీనమైన బ్యాటరీ మెల్లగా తిప్పుటవలన ఇట్లగును. బ్యాటరీ బాగుండియు ఇదే జరిగినచో కంప్రెషను, నాజిళ్లు, పంపు టైమింగు మిస్త్రీ చేత చూపింపవలెను. నల్లని పొగ వచ్చినచో గాలి చాలుట లేదు; ఎయిర్ క్లీనరును శుభ్రపరచుడు.

పొగ ఏమాత్రము రానిచో ఇంజనుకు డీజిలు అందుట లేదు. ముందుగా ట్యాంకులో పుల్ల ముంచి చూడుడు; ముల్లును నమ్మరాదు. తరువాత స్టాప్ కేబులు లోపలనే చిక్కుకొన్నదేమో చూడవలెను. ఇంజను ఆపుటకు లాగిన తీగ తిరిగి రానిచో ఎంత కొట్టినను డీజిలు వదలదు. పిమ్మట ఫిల్టరు అడుగు బోల్టు వదులుచేసి గాజుసీసాలోనికి కొంచెము డీజిలు పట్టుడు. అడుగున నీరు విడిగా నిలిచినచో ఫిల్టరు, ట్యాంకు రెండును శుభ్రపరుపవలెను.

గాలి పట్టుట

ఫుట్ వాల్వు కారినచో మోటారు పంపు గాలిపట్టి నీరెత్తదని బావి రైతు లందరికి తెలిసినదే. డీజిలు పంపు సంగతియు నంతే. రాత్రి నిలిపిన బండి ఉదయము కొద్దిసేపు పలికి ఆగిపోయినచో, ట్యాంకుకును ఫీడ్ పంపుకును నడుమ ఎక్కడనో గాలి చొరబడుచున్నదని అనుమానింపవలెను.

ఫిల్టరు పైనున్న గాలి స్క్రూ వదులుచేసి, ఫీడ్ పంపు మీది చేతిపంపును కొట్టుడు. నురుగుతో వచ్చు డీజిలు బుడగలు లేక ధారగా వచ్చువరకు కొట్టి, కొట్టుచుండగనే స్క్రూ బిగింపవలెను. అటుపై పెద్ద పంపు గాలి స్క్రూ వద్దను ఇట్లే చేయవలెను. మరునాడు మరల గాలి పట్టినచో గొట్టముల రబ్బరు, రాగి వాషర్లు మార్చుడు. స్వల్ప వెలగల వాషరు మార్చిన తీరు తప్పునకు వేల రూపాయలు పోసి పంపు విప్పించుట తగదు.

తప్పక పాటింపవలసినవి

సెల్ఫ్ ఒక్కసారికి 10 నుండి 15 సెకండ్లకు మించి కొట్టరాదు. నడుమ రెండు నిమిషములు విశ్రాంతి నియ్యవలెను. చార్జి అగు బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల తగదు. గాలిగొట్టము వద్ద మండుచున్న గుడ్డ చూపుట, పెట్రోలు పోయుట ప్రాణాపాయకరము. నాజిల్ నుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి పోగలదు. చేయి అడ్డము పెట్టరాదు. ఇంజను ఆగియున్న బండికి బ్రేకు బలము తగ్గును. కావున పల్లములో త్రోసి స్టార్టు చేయరాదు. ఎలక్ట్రానిక్ ఇంజక్షను గల కొత్త బండ్ల గొట్టములను రైతు విప్పరాదు.

రెండు పానాలు, స్క్రూడ్రైవరు, వోల్టుమీటరు, కొన్ని రాగి వాషర్లు, ఒక గాజుసీసా బండిలో నుంచుకొనుడు. సరుకు నింపుటకు ముందటి సాయంకాలమే ఒక్కమారు స్టార్టు చేసి చూచుట మేలు. గ్రామాధికారులు రైతు వేదిక వద్ద ఒక పాత బండిని నిలిపి ఈ పరీక్షలను తెలిసిన మిస్త్రీ చేత చూపించినచో పలువురి పంట వేళకు మార్కెట్టు చేరును.