మెదడును దేనితో పోల్చి కొలువవలెను?



గత సంవత్సరము మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక బాలుడు, పాఠము ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి నిలిచెను. అతనిది దేవరకొండ ప్రాంతపు పల్లె. అతని నాయనమ్మకు మతిమరపు హెచ్చగుటచే, తండ్రి యామెను హైదరాబాదునకు తీసికొనిపోయి మెదడునకు స్కానింగు చేయించెనట. మెదడు కొంత కుంచించుకొనినదని రిపోర్టులో వ్రాసిరట. ఇంతలో నెవరో, భారతీయుల మెదళ్లు పాశ్చాత్యుల మెదళ్లకంటె చిన్నవని హైదరాబాదు పండితులే కనుగొనిరని యతనికి చెప్పిరి. "సార్, మా నాయనమ్మది రోగమా? లేక మనందరి మెదళ్లును చిన్నవేనా?" అని బాలుడు నన్నడిగెను.

ఆనాడు నేను సరియైన యుత్తర మీయలేకపోతిని. పిదప చదివి తెలిసికొనిన సంగతులను ఇప్పుడు మీకందరికిని చెప్పుచున్నాను.

మొదట ఆ యంత్రమును గూర్చి తెలిసికొందము. దానిని ఎమ్.ఆర్.ఐ. యంత్రమందురు. దానియందు ఎక్స్-కిరణములు లేవు; మిక్కిలి బలమైన అయస్కాంతము కలదు. 3 టెస్లాల యంత్రమైనచో దాని బలము భూమియొక్క అయస్కాంత బలమునకు 60,000 రెట్లకంటె నధికము. మన దేహమునందలి నీటిలో హైడ్రోజన్ కలదు గదా! దాని కేంద్రకములను ఈ అయస్కాంతము ఒక క్రమమునకు తెచ్చును. రేడియో తరంగములచే వానిని కదల్చి విడిచినయెడల, అవి మరల పూర్వస్థితికి వచ్చుచు సన్నని సంకేతముల నిచ్చును. మెదడులోని బూడిదరంగు భాగము, తెల్లని భాగము, వానిచుట్టునుండు ద్రవము ఒక్కొక్కటి యొక్కొక్క తీరున సంకేతము నిచ్చుటచే, చిత్రములో వాని ఛాయలు వేరువేరుగ కనబడును. ఇట్టి మొదటి చిత్రమును పాల్ లాటర్‌బర్ 1973లో ప్రకటించెను. ఆయనకును పీటర్ మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ చిత్రము చిన్న ఘనముల కూర్పు. ఒక్కొక్క ఘనము ప్రతివైపున 1 మిల్లీమీటరు ఉన్నయెడల, ఒక మెదడునకు 12 లక్షల ఘనములకు పైగా నగును. వానిని మనుష్యుడు ఒక్కొక్కటిగ పరిశీలింపజాలడు. కాబట్టి కంప్యూటరునకు ఆ పని నేర్పెడు సాఫ్ట్‌వేరులను నిర్మించిరి. ఆ సాఫ్ట్‌వేరు మొదట పుఱ్ఱెను, చర్మమును తొలగించి మెదడును మాత్రము నిలుపును. తరువాత, చేటలో బియ్యమును రాళ్లను వేరుచేయునట్లు, మెదడు భాగములను వేరుపరచును. పిమ్మట ఒక్కొక్క భాగమును కొలిచి, ఒక మాదిరి మెదడుతో పోల్చును. ఈ కడపటి పనియందే మన ప్రశ్నకు మూలమున్నది. ఆ మాదిరి మెదడు ఎవరిది?

1988లో తలైరాక్, టుర్నూ అను నిద్దరు ప్రకటించిన సుప్రసిద్ధ మెదడు అట్లాసు ఒకే యొక్క 60 ఏండ్ల ఫ్రెంచి స్త్రీ మెదడునుబట్టి వ్రాసినది. తరువాత కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థవారు ముందు 305 మంది, పిమ్మట 152 మంది చిత్రముల సగటున మాదిరులను సిద్ధపరచిరి. లోకమంతటను పరిశోధకులు వానినే వాడసాగిరి. ఒకరి మెదడుకంటె పెక్కుమంది సగటు మేలే గాని, అందు పాశ్చాత్యులే ప్రధానముగ నుండిరి. ఆరవ తరగతి బాలుని పదవ తరగతి బాలుర నడుమ నిలువబెట్టి, వీడు ఎదుగుదల లేనివాడని చెప్పుట న్యాయమగునా? తన యీడువారితోనే పోల్చవలెను గదా!

ఈ లోపమును హైదరాబాదు గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థవారు, అనగా ట్రిపుల్ ఐటీవారు, గమనించిరి. అచ్చటి ఆచార్యురాలు జయంతి శివస్వామిగారును ఆమె సహచరులును, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థతో కలిసి, ఆరోగ్యవంతులైన 100 మంది భారతీయ యువజనుల చిత్రములనుండి ఒక అట్లాసును నిర్మించి 2019లో ప్రకటించిరి. అందు స్త్రీపురుషులు సమానముగ నుండిరి. 21 మొదలు 30 ఏండ్లవారినే తీసికొనిరి. దానికి ఐ.బి.ఏ. 100 అని పేరు. పాశ్చాత్య, చీనా, కొరియా మాదిరులతో పోల్చగా, భారతీయుల మెదడు సగటున ఎత్తునందును, వెడల్పునందును, ఘనపరిమాణమునందును కొంత చిన్నదిగ తేలినది. మరుసటి ఏట, 2020లో, బెంగుళూరు నిమ్హాన్స్ పరిశోధకులు 6 ఏండ్లనుండి 60 ఏండ్లవరకు ఐదు వయస్సుల తరగతులకు వేరువేరు భారతీయ మాదిరులను ప్రకటించిరి.

ఇక సాఫ్ట్‌వేరులయందును క్రొత్త గుణములు చేరినవి. పూర్వము ఫ్రీసర్ఫర్ అను ప్రసిద్ధ సాఫ్ట్‌వేరు ఒక్క మెదడును పూర్తిగ విశ్లేషించుటకు గంటల కాలము పట్టుచుండెను. 2020లో వెలువడిన ఫాస్ట్‌సర్ఫర్, తగిన కంప్యూటరున్నచో, మెదడు భాగములను ఒక్క నిమిషములోపలనే వేరుపరచును. 2023లో ప్రకటింపబడిన సింథ్‌సెగ్ మరియొక మేలు చేసినది. పరిశోధనకు తీయు చిత్రములు సన్నని పొరలు గలవి. ఆసుపత్రులలో రోగులకు తీయు చిత్రములు తరచుగ 5 మిల్లీమీటర్ల దళసరి పొరలు గలవి. పూర్వపు సాఫ్ట్‌వేరులు రెండవ విధపు వానిని సరిగా కొలువలేకుండెను. సింథ్‌సెగ్‌కు కంప్యూటరే కల్పించిన నానావిధ చిత్రములతో తరిఫీదు నిచ్చిరి. అందుచే అది సామాన్యమైన చిత్రములనుగూడ చదువగలదు. మనవంటి మెట్టప్రాంతముల రోగుల చిత్రములుగూడ దీనివలన కొలతకు అందగలవు.

అయినను, యంత్రము కొలుచునే గాని తీర్పు చెప్పదు. మాదిరి తప్పైనచో శీఘ్రముగ కొలిచినను తప్పే వచ్చును.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వత్తము. అందు రెండు ప్రశ్నలు కలిసిపోయినవి. మెదడు పరిమాణము ఒకటి. మెదడు కుంచించుకొనుట మరియొకటి. పుట్టుకతో చిన్నదైన యిల్లు వేరు, గోడలు కూలి చిన్నదైన యిల్లు వేరు. మన మెదడు సగటున కొంత చిన్నదైనంతమాత్రమున అది రోగము కాదు, బుద్ధిహీనతయు కాదు. ఏనుగు మెదడు సుమారు 5 కిలోలు తూగును. అది మనకంటె గణితమున మిన్నయా? ఐన్‌స్టీన్ పండితుని మెదడు 1,230 గ్రాములే తూగెను. అది పురుషుల సగటుకంటె తక్కువ.

నాయనమ్మ సంగతి వేరు. వయస్సు మీరినకొలది అందరి మెదళ్లును కొంత కుంచించును. ఆమె వయస్సువారికి సహజమైనదానికంటె అది యధికమా యన్నదే వైద్యుడు చూడవలసినది. యువజనుల మాదిరితో ఆమెను పోల్చరాదు. కొంతకాలమునకు మరల స్కానింగు చేయించిన, ఆమె మెదడును ఆమె పూర్వపు చిత్రముతోనే పోల్చవచ్చును. అది మిక్కిలి నమ్మదగిన కొలత. కావున మొదటి చిత్రములను, రిపోర్టును ఇంట భద్రపరచుకొనుడని ఆ బాలునికి చెప్పితిని. ఆమె మరచినదానిని విసుగుకొనక మరల మరల చెప్పుమనియు చెప్పితిని.

విద్యార్థులారా! ఎవరైనను మిమ్ము గాని మీ వారిని గాని తక్కువని చెప్పినప్పుడు, కోపింపక, క్రుంగిపోక, మొదట "దేనితో పోల్చి?" అని యడుగుడు. హైదరాబాదు పండితులు అడిగినదియు ఆ ప్రశ్నయే. మీలో గణితము, భౌతికశాస్త్రము శ్రద్ధతో చదువువారు కొందరు, మన వృద్ధులకు తగిన మాదిరులను నిర్మించు పనిలో పాలుపొందుదురుగాక!