అపాంక్తేయుడు - జహాజీభాయి : ప్రవాసుల ఓడలో దినచర్య

సముద్రయానాన్ని గూర్చి ధర్మశాస్త్రకారుల అభిప్రాయం సంస్కృత విద్యార్థులకు సుపరిచితమే. బౌధాయనుడు సముద్రసంయానాన్ని పతనీయ కర్మలలో చేర్చాడు. వేరొకచోట దానినే ఉత్తరదేశీయుల ఆచారాలలో ఒకటిగా పేర్కొన్నాడు. మనుస్మృతి తృతీయాధ్యాయం శ్రాద్ధభోజనానికి అర్హులు కానివారిలో సముద్రయాయిని లెక్కించింది. అనగా అతడు పంక్తికి దూరమైనవాడు, అపాంక్తేయుడు. అయితే ఓడలో అతడు ఏ పంక్తిలో కూర్చున్నాడన్న ప్రశ్న స్మృతులకు పట్టలేదు. దానికి సమాధానం పందొమ్మిదో శతాబ్దపు ఒప్పంద కూలీల ఓడలలో లభిస్తుంది.

1860 అక్టోబరులో మద్రాసు రేవు వీడిన 'ట్రూరో' అనే ఓడ నవంబరు 16న 342 మందితో నేటాల్‌లోని డర్బన్ చేరింది. ఆ దేశానికి ఒప్పంద కూలీలను చేర్చిన తొలి ఓడ అదే. తరువాతి కాలంలో విశాఖపట్నం మొదలైన తెలుగు జిల్లాలవారు పెక్కుమంది ఈ మార్గాన వెళ్లారు. ఫిజీకి 1879లో కలకత్తా నుండి, 1903లో మద్రాసు నుండి వలస మొదలైంది. కలకత్తా నుండి ఫిజీకి తెరచాప ఓడలో సుమారు రెండున్నర నెలలు, ఆవిరి ఓడలో దాదాపు నెల పట్టేది.

ఓడ పైతట్టుకు దిగువనున్న అంతస్తే ప్రయాణికుల నివాసం. ఒంటరి పురుషులకు ముందుభాగం, దంపతులకు నడిమిభాగం, ఒంటరి స్త్రీలకు వెనుకభాగం కేటాయించేవారు. 1893లో ఫిజీ వెళ్లిన తోతారామ్ సనాఢ్య ఒక్కొక్కరికి ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చోటు దక్కిందని హిందీలో రాసిన తన గ్రంథంలో తెలిపాడు. ఉదయం అందరినీ పైకి పంపి దిగువ అంతస్తును శుభ్రపరిచేవారు. ఆరోగ్య విషయాలలో ఓడ వైద్యునిదే అధికారం. అన్నం, పప్పు, నెయ్యి, పసుపు, చింతపండు మొదలైనవి కొలత ప్రకారం ఇచ్చేవారు. నీటికీ కొలతే. సాయంకాలం పాటలకు, కుస్తీలకు అనుమతి ఉండేది. కలరా, మశూచి సోకితే మృతులకు సముద్రమే శ్మశానం.

ఈ దినచర్యలో కీలకమైనది వంట. కొయ్య ఓడలో నిప్పు ప్రమాదకరం. కనుక కులానికొక పొయ్యి అసాధ్యం. అందరికీ ఒకే వంటశాల, ఒకే నీటితొట్టి. భండారీలుగా, అనగా వంటవారుగా, తరచు అగ్రకులస్థులనే ఎంపిక చేసేవారు. పాకీపనికి 'టోపాస్' అనే వేరు వర్గం ఉండేది. కాబట్టి కులం ఓడలో పూర్తిగా అంతరించిందనడం అతిశయోక్తి. కాని వండినవాడెవరైనా, తినేవారి నడుమ గీత గీయడానికి అక్కడ చోటులేదు. ఇది సంస్కర్తల బోధవల్ల కలిగిన మార్పు కాదు. ఇరుకుతనం, నిర్బంధం కలిసి తెచ్చినది.

ఆ ప్రయాణమే ఒక బంధువాచకాన్ని సృష్టించింది. ఒకే ఓడలో వచ్చినవారు పరస్పరం 'జహాజీభాయి' అని పిలుచుకున్నారు. కులగోత్రాలు తెలియని పరదేశంలో ఆ బంధం సోదరబంధంతో సమానమైంది. 'సముద్రయాయి', 'జహాజీభాయి' అనే రెండు పదాలకూ మూలం ఒకే క్రియ, కడలి దాటడం. మొదటిది మనిషిని పంక్తి నుండి లేపింది. రెండవది మరొక పంక్తిలో కూర్చుండబెట్టింది. ధర్మశాస్త్రాలలోని నిషేధాన్ని అధ్యయనం చేసేవారు, దానిని దాటినవారు కల్పించుకున్న పదజాలాన్ని కూడా పరిశీలించినప్పుడే ఆ అధ్యయనం సమగ్రమవుతుంది.