వెళ్లిన లారీ తిరిగొస్తుందని

నాగిరెడ్డిపేట

బిడ్డా,

నీ గుర్రాన్ని మొదటిసారి షోకు తీసుకుపోతున్నావని మీ అమ్మ చెప్పింది. బారాత్‌ల నుంచి విడిపించి తెచ్చినప్పుడు పక్కటెముకలన్నీ బయటికి కనిపించిన గుర్రం అది. ఇప్పుడు జీను కట్టించుకొని బరిలోకి దిగుతుందంటే నాకు చెప్పలేనంత సంబరంగా ఉంది. పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైనవాణ్ని కదా, కొన్ని సంగతులు చెప్పాలనిపించింది. ఫోన్‌లో చెప్తే ఊఁ కొట్టి మరిచిపోతావు, అందుకే రాస్తున్నా.

బరిలో ఏం చెయ్యాలో మీ కోచ్ నాకంటే బాగా చెప్తాడు. నేను చెప్పేది లారీ గురించి. లారీ ఎక్కిన ప్రతిసారీ నీ గుర్రానికి యజమాని మారాడు, లాయం మారింది, పక్కన నిలబడే తోడు గుర్రం దూరమైంది. ఎక్కించిన చోటికే మళ్లీ తెచ్చి దింపిన లారీ దాని బతుకులో ఉండి ఉండదు. 2025 ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరి ఒక పల్లెకు యాభైకి పైగా గుర్రాలను లారీల్లో తరలించిన సంగతి నువ్వూ పేపర్లో చదివే ఉంటావు. అక్కడికి చేరాక ఒకదాని వెంట ఒకటి చనిపోతూ వచ్చాయి, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా పోయింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దానికి ఆధారం. తల దించి మేస్తున్నప్పుడే గొంతులో చేరిన దుమ్మూ చీమిడీ బయటికి జారిపోతాయి. తల పైకి లాగి కట్టి గంటల తరబడి తీసుకుపోతే ఆ చెత్తంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, జ్వరం, న్యుమోనియా పట్టుకుంటాయి. కాబట్టి తాడు కాస్త వదులుగా ఉండాలి, తల దించుకునే వీలుండాలి. మధ్యమధ్యలో ఆపి నీళ్లు చూపించు. కొత్త చోటి నీళ్లు వాసన చూసి వదిలేసే గుర్రాలు చాలా ఉంటాయి, మీ లాయం నీళ్లే డబ్బాల్లో పట్టుకుపో. నీళ్లు తగ్గితే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే దాని కడుపునొప్పిని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

షోకు ముందే రెండు మూడు మార్లు ఊరికే లారీ ఎక్కించు. లోపలే గడ్డి వెయ్యి, తోడు గుర్రాన్నీ ఎక్కించు, కాస్త దూరం తిప్పి మళ్లీ లాయం దగ్గరే దించు. వెళ్లిన లారీ తిరిగొస్తుందని దానికి తెలియాలి. ఎక్కనని మొండికేస్తే వెనక నుంచి కట్టె ఝళిపించేవాళ్లు తయారవుతారు, వాళ్లను దగ్గరికి రానివ్వకు. ఒక పూట ఆలస్యమైతే ఏమీ కాదు.

అమెరికాలో స్నోమాన్ అని ఒక గుర్రం ఉండేది. నాగలి దున్నిన తెల్ల గుర్రం. 1956లో పెన్సిల్వేనియాలోని న్యూ హాలండ్ సంతలో ఎవరూ కొనకపోతే కబేళాకు పోయే లారీలోకి ఎక్కించేశారు. హాలండ్ నుంచి వలస వచ్చిన హ్యారీ డిలేయర్ అనే గుర్రపు స్వారీ మాస్టారు సంత ముగిశాక చేరుకున్నాడు. లారీలోంచి దాన్ని దింపించి 80 డాలర్లకు కొన్నాడు. తర్వాత దగ్గర్లో ఉన్న ఒక డాక్టరుకు అమ్మితే, అది ఎత్తయిన కంచెలు దూకి మాస్టారి ఇంటికే వచ్చేసేది. మళ్లీ పంపితే మళ్లీ వచ్చేది. ఇంత దూకగలదా అని అప్పుడు ఆయనకు తట్టింది. 1958లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన నేషనల్ హార్స్ షోలో అదే గుర్రం జంపింగ్ చాంపియన్ అయింది. చాలామంది ఈ కథను 80 డాలర్ల గుర్రం గెలిచిన కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది కంచెలు దూకి ఇంటికొచ్చిన ముచ్చటే పెద్దది. తిరిగి రావాలనిపించే చోటు దానికి మొదటిసారి దొరికింది. అంత ఎత్తు దూకడమంతా అక్కడి నుంచి పుట్టిందే.

ఇక జీను సంగతి. మన దగ్గర వరి కోతలయ్యాక పోచారం ప్రాజెక్టు కింది పొలాల్లో గొర్రెల మందలు దిగేవి. మరాఠ్వాడ వైపు నుంచి వచ్చే ధన్‌గర్లు తమ సంసారమంతా పొట్టి గుర్రాల మీద కట్టుకొచ్చేవాళ్లు, గుడారం, గిన్నెలు, కోళ్లగంప, ఒక్కోసారి పైన చంటిపిల్ల. మూపు మీద పుళ్లు పడితే నా దగ్గరికి తెచ్చేవాళ్లు. పుండు మానిన చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. నీ గుర్రానికి కూడా మూపు దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఉంటే, జీను కింద అక్కడ ఒరుసుకోకుండా మెత్త సరిగా సర్దు. వేలితో నొక్కితే చర్మం వణికినా, చెవులు వెనక్కి పడినా ఆ రోజు జీను వెయ్యకు. నోటి మూలలు కూడా చూడు. ముళ్ల కళ్లేన్ని 1965 నాటి నియమాల్లోనే నిషేధించారు, అయినా బారాత్ గుర్రాల నోళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. బ్యాండు మోగినప్పుడల్లా ఆ ముళ్లు గుచ్చుకున్న గుర్రం షోలో మైకు మోగితే ఉలిక్కిపడుతుంది. అది పొగరు కాదు బిడ్డా, దానికి గుర్తొచ్చిన నొప్పి. ముందు మైకుకు దూరంగా ఒక చుట్టు నడిపించు, ఆ తర్వాత దగ్గరికి తీసుకుపో.

కంచెలు దూకే పోటీలో పేరియ్యొద్దని నా మాట. నడక, ట్రాట్ వరకు ఉన్న చిన్న పోటీ చాలు. దూకాల్సిందేనని నీకుంటే అన్నిటికంటే తక్కువ ఎత్తులో దిగు. కర్ర పడితే నాలుగు ఫాల్టులు, పడనీ. వణికిపోతే జడ్జికి చెయ్యెత్తి బయటికి తీసుకొచ్చెయ్.

షోలెందుకు, పచ్చిక మీద వదిలేస్తే పోదా అని మీ నాన్న అడిగాడట. మలక్‌పేట రేసుకోర్సు లాంటి చోట రెండేళ్లకే పరుగుకు దిగి ఐదారేళ్లకు పక్కకు జరిగిన గుర్రానికి ఇంకా ఇరవై ఏళ్ల బతుకు ఉంటుంది. ఆ ఇరవై ఏళ్లు దాన్ని ఎవరు మేపాలి? కొత్త పని నేర్చి, నలుగురిలో నెమ్మదిగా నిలబడే గుర్రాన్ని తీసుకుపోయేవాళ్లు దొరుకుతారు. ఏ పనీ రానిదానికి, బెదిరేదానికి మళ్లీ ఆ లారీయే గతి. బ్రిటన్‌లో 2000లో పందేల రంగమే ఇందుకోసం ఒక సంస్థ పెట్టుకుంది. కెంటకీలో పరుగు మానిన గుర్రాలకు ఏటా ప్రత్యేకంగా పోటీలు పెడతారు. మన దగ్గర కూడా అలాంటిది రావాలి. మీ తరం అడిగితేనే వస్తుంది. మీ నాన్నకు ఈ మాట నా పేరు చెప్పి చదివి వినిపించు.

లాయానికి తిరిగొచ్చాక వెంటనే దాణా పెట్టకు. ఒళ్లు చల్లారనిచ్చి, నీళ్లు తాగించి, గడ్డి వెయ్యి. ఉలవ గుగ్గిళ్లు మర్నాటికి చాలు. నీళ్లు ఎన్ని తాగింది, లద్ది వేసిందా, ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు, ఎంత పొద్దుపోయినా సరే. రిబ్బన్ ముచ్చట తెల్లారి మాట్లాడుకుందాం. మీ అవ్వ నీ కోసం సకినాలు చేసి పెట్టింది, వచ్చే బస్సులో పంపిస్తున్నా.

నీ తాత