పథకం ఆగిపోయిందా? ఉచిత వకీలును ఇలా పొందండి

పింఛను ఆగిపోయిందా? రేషన్ కార్డులో పేరు పోయిందా? "మీరు అనర్హులు" అంటున్నారా? ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయి ఊరుకోకండి. వకీలుకు డబ్బు లేకపోయినా మీ హక్కు కోసం కోర్టు దాకా వెళ్లొచ్చు.

ముందు చేయాల్సిన పనులు

1. కారణం రాతపూర్వకంగా అడగండి. సచివాలయంలో నోటి మాటతో తిరిగి రావద్దు. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

2. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ఆ నంబరు రాసి ఉంచుకోండి.

3. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. "నా పింఛను ఏ తేదీన, ఏ కారణంతో ఆపారు? ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని అడిగితే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జత చేస్తే ఫీజు ఉండదు.

ఈ కాగితాలే రేపు మీ వకీలుకు ఆధారం. ఇవి లేకపోతే ఎంత మంచి వకీలైనా మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఉచిత వకీలు ఎవరికి?

న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులకు ఆదాయంతో పనిలేదు. మిగతావారిలో ఎక్కువమందికి ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితి ఉంటుంది.

ఎక్కడ అడగాలి?

మీ దగ్గర్లోని కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ, జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటాయి. చదువు రాకపోయినా ఫర్వాలేదు, నోటితో చెబితే వాళ్లే రాసుకుంటారు. ఇంటి నుంచే అడగాలంటే 15100కి ఫోన్ చేయండి. హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే అక్కడి న్యాయ సేవా కమిటీ ద్వారా వకీలు దొరుకుతారు.

గుర్తుంచుకోండి

• ఈ సంస్థ పెట్టిన వకీలుకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు. అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయండి.
• ఖాళీ కాగితాల మీద సంతకం, వేలిముద్ర వేయకండి. వకాలత్‌నామాలో ఏముందో చదివించుకోండి.
• అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి.
• ప్రభుత్వం మీద సివిల్ దావా వేయాలంటే మామూలుగా 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకే ఆలస్యం చేయకుండా వకీలును కలవండి.
• "కోర్టు పని నేను చేయిస్తా, ఇంత ఇవ్వు" అనే దళారులను నమ్మకండి.

ఈ నెల పింఛను రాలేదంటే వచ్చే నెల దాకా చూడకండి. ఈ వారమే అర్జీ పెట్టి, రసీదు దాచుకోండి. ఇది పక్కింటి అవ్వకు, తాతకు కూడా చదివి వినిపించండి.