పురుగు కణములో మానవ మాంసకృత్తు

పిడుగురాళ్ల చుట్టుప్రక్కల ప్రత్తి, మిరప చేలు గల గ్రామములవారికి ఎన్.పి.వి. ద్రావణము క్రొత్త కాదు. శనగపచ్చ పురుగుకు ఈ వైరస్ సోకినచో, అది కొమ్మ చివరకు ప్రాకి తలక్రిందుగా వ్రేలాడి చచ్చును. అట్టి పురుగులను నూరి, వడగట్టి, బెల్లము కలిపి, ఎండ తగ్గిన పిదప చల్లుట తెలిసిన పద్ధతియే. ఈ కుటుంబమునకే చెందిన వేరొక వైరస్ సాయముతో నేడు మనిషి మాంసకృత్తులను తయారు చేయుచున్నారనినచో పంచాయతీ సభ్యులకు వింతగా తోచవచ్చును. అట్టి మాంసకృత్తు నొకదానిని గూర్చి యిచ్చట వివరింతుము.

మన శరీరము జీవకణముల సముదాయము. ఒక కణము రెండగుట, రెండు నాలుగగుట వలననే బిడ్డ పెరుగును, గాయము మానును. విభజనకు పూనుకొమ్మని కణమునకు ఆజ్ఞ యిచ్చునది సి.డి.కె.1 అను మాంసకృత్తు. ఒంటి యెద్దుతో అరక సాగనట్లు ఇదియు ఒంటరిగా పనిచేయజాలదు. సైక్లిన్ అను తోడు కూడినప్పుడే కదలును. పని తీరగనే సైక్లిన్ నశించును, ఆజ్ఞ ఆగును. ఇట్టి అదుపులు తప్పి కణములు విచ్చలవిడిగా పెరుగుటయే క్యాన్సర్.

ఈ ఆజ్ఞ మనిషిలోను ఉన్నదని తెలిసిన తీరు చిత్రమైనది. తూర్పు ఆఫ్రికా వారి చిరుధాన్యపు బీరులో మొదట దొరికిన ఒక ఈస్టు గలదు. విభజన జన్యువు చెడిన ఆ ఈస్టులో మెలనీ లీ, పాల్ నర్స్ అను శాస్త్రజ్ఞులు మానవ జన్యువులను ప్రవేశపెట్టిరి. తగిన జన్యువు చేరిన ఈస్టు మరల విభజన చెందజొచ్చెను. ఇది 1987 నాటి మాట. బీరు పులియబెట్టు జీవికిని మనిషికిని ఆజ్ఞ ఒక్కటియే! ఈ రంగములో కృషికై నర్స్, హార్ట్‌వెల్, హంట్ గారలకు 2001లో నోబెల్ బహుమతి లభించినది.

పరీక్షలకు ఈ మాంసకృత్తు తగినంత కావలెను. మనిషి దేహమునుండి తీయుట సాధ్యము కాదు. ఇక్కడనే మన పురుగు వైరస్ అక్కరకు వచ్చినది. పురుగులో పెరుగునప్పుడు అది తన చుట్టు కవచముగా పాలిహెడ్రిన్ అను పదార్థమును అపారముగా తయారు చేయించుకొనును. ఆ పదార్థపు జన్యువు స్థానమున కావలసిన జన్యువును నిలిపినచో, కవచమునకు బదులు అదియే తయారగును. 1983లో అమెరికాలోని టెక్సాస్‌లో స్మిత్, సమ్మర్స్ అనువారు ఈ విధముగా మానవ ఇంటర్‌ఫెరాన్‌ను చేయించిరి. వైరస్‌ను పెంచుటకు వాడు కణములు కత్తెర పురుగువి. 2018లో మన దేశమున ప్రవేశించి మొక్కజొన్నను పాడుచేసినది ఆ జాతియే. దాని అండాశయ కణములు పోషక ద్రవములో, సీసాలలో పెరుగును. వానిని పగులగొట్టి, మాంసకృత్తును వేరుచేసి, శుద్ధిచేసి, గడ్డకట్టించి భద్రపరతురు.

ఒక చుక్క మాంసకృత్తులో ఒక చుక్క మందు వేసి, దాని పని ఆగినదో లేదో చూతురు. ఇట్లు వేల పదార్థములను రోగి జోలికి పోకుండగనే పరీక్షింపవచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఈ వసతి లేదు. ఆయన బృందము అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్‌ను రక్తపు క్యాన్సర్ సోకిన బిడ్డలకు ఇచ్చి, కొందరికి తాత్కాలికముగా గుణము చిక్కినదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. కణములో అది పట్టుకొను మాంసకృత్తు ఏదో పిమ్మట గాని తేలలేదు. నేడు ముందు మాంసకృత్తు, పిదప మందు. సి.డి.కె.1 సోదరులైన 4, 6 సంఖ్యల వానిని అడ్డగించు పాల్బోసిక్లిబ్‌కు రొమ్ము క్యాన్సర్ విషయమున 2015లో అమెరికా అనుమతించినది.

సభ్యులు గమనింపవలసిన దొకటి గలదు. ఈ సీసాలపై పరిశోధనకు మాత్రమేయని వ్రాసియుండును. ఆ మాంసకృత్తు మందు కాదు. మందును పరీక్షించు గీటురాయి. దీనినే క్యాన్సర్ మందని చూపి ఎవరైనను గ్రామమున సొమ్ము అడిగినచో, ఆ కుటుంబమును వారించి, రోగిని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యునివద్దకు పంపుడు.